అపోహలు – వాస్తవాలు: ఫీజు కట్టేస్తే చదువు సాగిపోతుందా?

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు నుంచి చదువుకుని పైకొచ్చినవాళ్లలో ఊరి పేద పిల్లల ఫీజు కట్టాలనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల మనసు మంచిది, ఆ డబ్బు అవసరమూ నిజమే. కానీ కొన్ని గట్టి నమ్మకాల వల్ల ఆ సాయం సరైన చోట పడడం లేదు.

అపోహ: ఫీజు కడితే చాలు, పిల్ల చదువుకుంటుంది.

దీనికి మార్కాపురం చరిత్రే జవాబు చెబుతుంది. ఎన్నో ఊళ్ల పిల్లలు అఆలు దిద్దిన పలకలు ఇక్కడి రాతివి. ఆ రాతిని పలకలుగా మలిచినవాళ్లలో బడి ముఖం చూడని పిల్లలూ ఉండేవాళ్లు. 1988లో జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలైనప్పుడు కేంద్రం ఎంచుకున్న తొలి ప్రాంతాల్లో మార్కాపురం ఒకటి. 1996 డిసెంబరు 10న ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోనూ శివకాశి అగ్గిపెట్టెలతో పాటు మార్కాపురం పలకల ప్రస్తావన ఉంది. ఆ తీర్పు ప్రకారం బిడ్డను ప్రమాదకరమైన పనిలో పెట్టుకున్న యజమాని 20,000 రూపాయలు కట్టాలి. ఆ ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరికి ప్రభుత్వం పని చూపాలి, చూపలేకపోతే తానూ 5,000 జమ చేయాలి. ఆ నిధి మీద వచ్చే వడ్డీ బిడ్డ బడికి వెళ్తున్నంత కాలం కుటుంబానికి అందాలి. బిడ్డ తెచ్చే కూలి ఆగిపోతే ఆ ఇల్లు ఎలా గడవాలన్నది కోర్టు పట్టించుకుంది. మన దాతలూ ముందు అడగాల్సింది అదే.

ఇవాళ పలకల పని బాగా తగ్గింది, వలస మాత్రం ఆగలేదు. వానలు మొహం చాటేసిన ఏడు అమ్మానాన్నలు గుంటూరు వైపు మిరప కోతలకో, హైదరాబాదులో బేల్దారి పనికో వెళ్తారు. ఇంటి దగ్గర చూసేవాళ్లు లేకపోతే పిల్లలూ వెంట నడవాల్సిందే. అలాంటి పిల్లల కోసమే సీజనల్ హాస్టళ్లు పెట్టారు. ఆ వసతి దొరకని చోట, పిల్లను కనిపెట్టుకుని ఉండే అవ్వకో పిన్నికో ఆ కొన్ని నెలలు బియ్యం, పైఖర్చులు పంపితే ఏడాది చదువు నిలబడుతుంది. జూన్‌లో కట్టే ఫీజు కంటే ఇది చిన్న మొత్తమే కావచ్చు, అయినా దీని గురించి అడిగే దాతలు తక్కువ.

అపోహ: సర్కారు బడి మాన్పించి ప్రైవేటులో చేర్పిస్తేనే సాయం చేసినట్టు.

ఈ సాయం పిల్లకు నష్టం చేయవచ్చు. ఎనిమిదో తరగతిలో రాసే ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షలో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు, బిడ్డ ప్రభుత్వ, స్థానిక సంస్థల లేదా ఎయిడెడ్ బడిలో చదువుతూ ఉండాలి. ప్రైవేటు బడికి మార్చిన రోజే ఆ అర్హత పోతుంది. ట్రిపుల్ ఐటీ ప్రవేశాల్లో సర్కారు బడి పిల్లలకు కలిపే అదనపు మార్కులూ పోతాయి. మూడో ఏట దాత చేతులెత్తేస్తే మిగిలేది ఫీజు బాకీ. ప్రైవేటు ఫీజుకు పెట్టే డబ్బుతో ఐదో తరగతి పిల్లలకు నవోదయ పరీక్ష కోసం సాయంత్రం క్లాసులు పెట్టించవచ్చు. నవోదయ తర్లుపాడు మండలం కలుజువ్వలపాడులోనే ఉంది. ఆడపిల్లలకైతే కస్తూర్బా విద్యాలయాలున్నాయి.

అపోహ: ఫీజు బాకీ ఉంటే టీసీ ఇవ్వరు, ఇక బడి లేనట్టే.

విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను టీసీ రాలేదన్న కారణంతో సర్కారు బడి వెనక్కి పంపకూడదు. వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. ఈ మాట తల్లిదండ్రులకు తెలియజెప్పడమూ సాయమే, దానికి పైసా ఖర్చు లేదు.

అపోహ: తల్లికి వందనం వస్తోందిగా, ఇంకా మనమెందుకు?

2025 జూన్‌లో మొదలైన ఈ పథకంలో బిడ్డకు 15,000 చొప్పున ఇస్తారు. బడి నిర్వహణకు 2,000 పోగా తల్లి ఖాతాలో పడేది 13,000. అది ఏడాదికోసారి వస్తుంది. పైగా హాజరు 75 శాతం ఉండాలి. కోతలకు వెళ్లిన ఇంటి పిల్లలకు కష్టమయ్యేది సరిగ్గా అక్కడే. అందుకే వలస నెలల్లో పిల్లను ఊళ్లో ఉంచగలిగితే ఈ డబ్బూ దక్కుతుంది.

అపోహ: పదో తరగతి గట్టెక్కిస్తే చాలు.

అసలు ఖర్చు మొదలయ్యేదే అక్కడ. ఇంటర్‌కు, డిగ్రీకి నల్లమల అంచు పల్లె నుంచి పట్టణం చేరాలి. బస్సు, హాస్టలు, పుస్తకాలు అన్నీ కొత్త ఖర్చులే. డిగ్రీకి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నా ఆ డబ్బు ఆలస్యమైనప్పుడు కాలేజీ అడిగేది పిల్లనే. చేతిలో డబ్బు లేని ఇంట్లో ఆడపిల్ల చదువు ఆపి పెళ్లి మాట ఎత్తేదీ అప్పుడే. పదిమంది పిల్లలకు ఒక్కో ఏడాది ఫీజు కట్టి ఫొటో దిగే కన్నా, ఇద్దరి చేయి డిగ్రీ చివరి పరీక్ష దాకా వదలకుండా ఉండడం మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎన్నేళ్లు ఇస్తారో, ఏ నెలలో ఎంత పంపుతారో పదో తరగతి ఫలితాలకు ముందే ఆ తల్లికి చెప్పండి. అప్పుడు ఆమె కూతుర్ని ధైర్యంగా కాలేజీలో చేర్పిస్తుంది.