హైదరాబాదు - షికాగో విమాన దూరం, ప్రయాణ కాలం

హైదరాబాదు - షికాగో విమాన దూరం అనగా శంషాబాదులోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయానికి, అమెరికాలోని షికాగో ఓహేర్ విమానాశ్రయానికి మధ్య భూమి ఉపరితలం మీదుగా కొలిచిన అతి తక్కువ దూరం. ఇది సుమారు 13,300 కిలోమీటర్లు.

దూరాన్ని కొలిచే విధానం

భూమి గోళాకారంలో ఉన్నందున రెండు నగరాల మధ్య అతి దగ్గరి దారి సరళరేఖ కాదు, ఒక వృత్తచాపం. భూకేంద్రమే కేంద్రంగా గల ఇటువంటి వృత్తాన్ని మహావృత్తం అంటారు. గోడపటంలో షికాగో పడమట కనిపించినప్పటికీ, ఈ చాపం హైదరాబాదు నుండి దాదాపు ఉత్తరంగా సాగి, గ్రీన్‌లాండ్ సమీపంలో 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం వరకు వెళ్ళి, కెనడా మీదుగా షికాగో చేరుతుంది. గ్లోబుపై ఈ రెండు చోట్ల మధ్య దారాన్ని బిగించి లాగితే విద్యార్థులు దీనిని స్వయంగా గమనించవచ్చు.

పొదిలి నుండి శంషాబాదుకు ఇదే విధంగా కొలిస్తే దూరం సుమారు 220 కి.మీ. మాత్రమే. అయితే నల్లమల కొండలు, కృష్ణా నది అడ్డుగా ఉన్నందున రోడ్డు దారి ఇంతకంటే చాలా ఎక్కువ.

ప్రయాణ కాలం

గంటకు 900 కి.మీ. వేగంతో 13,300 కి.మీ. దూరానికి 15 గంటలు చాలాలి. ఎదురుగాలులు, ఆరోహణ, అవరోహణల వలనను, నిషిద్ధ గగనతలాలను తప్పించుకొని పోవడం వలనను ఆచరణలో 16 నుండి 17 గంటలు పడుతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ నగరాల మధ్య నేరు విమానం ప్రారంభించింది. తరువాత ఆ సర్వీసు నిలిచిపోయింది. దుబాయి మీదుగా వెళితే దూరం సుమారు 14,200 కి.మీ. అవుతుంది. పెరిగే దూరం 900 కి.మీ. మాత్రమే అయినా, విమానం మారడానికి వేచి ఉండే గంటలు అదనం.

గడియారం, తేదీ

షికాగో సమయం భారత కాలమానం కంటే శీతాకాలంలో 11½ గంటలు, వేసవిలో 10½ గంటలు వెనుక ఉంటుంది. జనవరిలో సోమవారం మధ్యాహ్నం 1 గంటకు హైదరాబాదులో బయలుదేరి 17 గంటలు ప్రయాణించినవారు, అదే సోమవారం సాయంత్రం 6:30కు షికాగోలో దిగుతారు. తిరుగు ప్రయాణంలో ఇందుకు విరుద్ధం. 2021 జనవరి 13 రాత్రి షికాగోలో బయలుదేరిన తొలి నేరు విమానం 15వ తేదీ అర్ధరాత్రి దాటాక హైదరాబాదు చేరింది.

గమనించవలసిన విషయం

విమాన టికెట్లపై తేదీ అర్ధరాత్రితో మారుతుంది. "15వ తేదీ 02:30" అని ఉంటే అది 14వ తేదీ రాత్రి గడిచిన తరువాతి వేళ. అంతర్జాతీయ ప్రయాణికులు మూడు గంటల ముందే విమానాశ్రయంలో ఉండాలి గనుక పొదిలి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలవారు 14వ తేదీ పగటిపూటే ఇల్లు వదలాలి. సూర్యోదయంతో దినం మొదలవుతుందని లెక్కించే అలవాటు ప్రకారం 15వ తేదీ రాత్రికి చేరితే విమానం వెళ్ళిపోయి దాదాపు ఒక రోజు గడిచి ఉంటుంది.