అల్జీమర్స్: మెదడుకు కాపలా కాసే ‘రెస్ట్’ ప్రోటీన్.. అది తగ్గితే ముప్పే!

ఎనభై దాటినా కొందరు పాత సంగతులన్నీ పొల్లుపోకుండా చెప్తారు. మరికొందరు కన్నబిడ్డల పేర్లే మర్చిపోతారు. విచిత్రం ఏంటంటే.. అల్జీమర్స్ గుర్తులైన అమైలాయిడ్ గడ్డలు, టౌ చిక్కుముడులు ఇద్దరి మెదళ్లలోనూ ఉండొచ్చు. మరి తేడా ఎక్కడ?

హార్వర్డ్ మెడికల్ స్కూల్‌కు చెందిన బ్రూస్ యాంక్నర్ బృందం 2014లో ‘నేచర్’ జర్నల్‌లో ఒక జవాబు చూపింది. అదే ‘రెస్ట్’ ప్రోటీన్. ఇది జన్యువులకు స్విచ్ లాంటిది. కడుపులో బిడ్డ మెదడు తయారయ్యేటప్పుడు పనిచేసి, వయసు మళ్లాక మళ్లీ పెరుగుతుంది. నాడీకణాలను చావు వైపు నెట్టే జన్యువులను అణిచేస్తుంది. ఒత్తిడిని తట్టుకునే వాటికి ఊతమిస్తుంది.

అల్జీమర్స్ రోగుల్లో మాత్రం కణకేంద్రకంలో రెస్ట్ బాగా తగ్గిపోతుంది. చెడిపోయిన ప్రోటీన్లతో కలిసి కణంలోని చెత్త సంచుల్లో చిక్కుకుంటుంది. మెదడులో ఈ ప్రోటీన్ లేకుండా చేసిన ఎలుకల్లో వయసుతో పాటు నాడీకణాలు నశించాయి. గడ్డలున్నా జ్ఞాపకశక్తి చెక్కుచెదరని వారిలో రెస్ట్ ఎక్కువగా కనిపించింది.

అంటే చెత్త పేరుకోవడమే కాదు, కాపలా సడలడమూ ముఖ్యమే. అలాగని ‘రెస్ట్ పెంచే మాత్రలు’ అంటూ ఎవరైనా అమ్మితే నమ్మొద్దు. మతిమరుపు రోజువారీ పనులకు అడ్డొస్తుంటే, ‘పెద్దతనంలే’ అని వదిలేయకుండా న్యూరాలజిస్ట్‌కు చూపించాలి.