ఇల్లు విడిచి వెళ్ళిన మనిషి కోసం

మన ఇళ్ళలో ఎవరికైనా స్కిజోఫ్రీనియా వస్తే "నరాల బలహీనత" అంటాం. ఆ మనిషి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతే "ఊరెళ్ళాడు" అంటాం. ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్లలుంటే ఆ భయం మరీ ఎక్కువ. ఒక డాక్టరుగా నా మనవి: ఈ దాపరికమే వెతుకులాటకు మొదటి అడ్డంకి.

చెవిలో వినిపించే గొంతులు, ఎవరో తరుముతున్నారన్న నమ్మకం మనిషిని ఇల్లు దాటిస్తాయి. అది మొండితనం కాదు, జబ్బు.

అమెరికాలో ఫిర్యాదుకు 24 గంటలు ఆగాలన్నది అపోహ. వెంటనే పోలీసులకు జబ్బు పేరు, మందుల పేర్లు, కొత్త ఫోటో ఇవ్వండి. 1996 నాటి హిపా చట్టాన్ని చూపి ఆసుపత్రివారు మనకేమీ చెప్పకపోవచ్చు. మనం చెప్పేది వినడానికి మాత్రం ఆ చట్టం అడ్డు రాదు.

తప్పిపోయింది ఇండియాలోనైతే, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మనకు అండ. దిక్కులేక తిరుగుతున్న రోగిని పోలీసులు లాకప్పులో పెట్టకూడదు. 24 గంటల్లోగా ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి. ఇంటివారి ఆచూకీ తీయడమూ వారి బాధ్యతే. అక్కడి మనవాళ్ళు స్టేషనుకు వెళ్ళడానికి సంకోచిస్తే, ఇక్కడి నుంచి ఫోను చేసి ధైర్యం చెప్పండి.

ఏళ్ళు గడిచినా ఆశ వదలకండి. మహారాష్ట్రలో డాక్టర్ భరత్ వాట్వానీ దంపతుల 'శ్రద్ధ' సంస్థ వీధుల్లో తిరిగే రోగులకు వైద్యం చేసి వేలమందిని సొంత ఇళ్ళకు చేర్చింది. అందుకే ఆయనకు 2018లో మెగసెసే పురస్కారం లభించింది.

మనిషి దొరికిన రోజున "ఎక్కడికి పోయావు?" అని నిలదీయకండి. ముందు అన్నం పెట్టండి, కంటినిండా నిద్రపోనివ్వండి. తర్వాత డాక్టరు దగ్గరకు తోడుగా వెళ్ళండి.