పూలదండ దారము - పిల్లి ప్రాణము

మా యింట చిట్టి యను పిల్లి కలదు. పెరుగన్నము పెట్టినచో వాసన చూచి వెడలిపోవును గాని, కుట్టుపెట్టె మూత తీసిన చప్పుడు వినబడెనా, ఏ మూలనున్నను పరుగెత్తుకొని వచ్చును. ఉన్నిశాలువ అంచు, పాలపాకెట్టు, జడకు పెట్టు రబ్బరు, సెల్‌ఫోను ఛార్జరు తీగ, దేనిని విడువదు. "ఎలుకలను పట్టునని తెచ్చిన పిల్లి తానే ఎలుకవలె కొఱుకుచున్నదే" యని మా అత్తగారనగా అందఱము నవ్వుకొనుచుంటిమి.

ఆ నవ్వు శ్రావణమాసములో నిలిచిపోయినది. వరలక్ష్మీపూజ మఱునాడు కలశమునుండి తీసిన కనకాంబరముల దండను పెరటి గట్టుపై పెట్టి మఱచితిమి. సాయంకాలము చూచునప్పటికి పూలు చెల్లాచెదరై యున్నవి, దారము లేదు. ఆ రాత్రినుండి చిట్టి తిండి ముట్టక, పలుమాఱు వాంతిచేసికొని, మంచము క్రింద ముడుచుకొని పడియుండెను. తెల్లవాఱి నోరు తెఱచి చూడగా నాలుక క్రింద సన్నని పోగొకటి కనబడెను. లాగివేయుదమని మేము వ్రేళ్లు పెట్టబోవుచుండగా మా అబ్బాయి, "అమ్మా, ఆగుము! డాక్టరుగారి నడుగుదము" అని ఫోను చేసెను. "లాగవలదు, వెంటనే తీసికొనిరండు" అని యాయన చెప్పిరి.

ఆ మాటయే దానిని బ్రతికించినది. దారపు ఒక కొన నాలుక మొదట చిక్కుకొనగా, రెండవ కొన కడుపు దాటి ప్రేగులలోనికి పోవును. ప్రేగు దానిని ముందునకు త్రోయును, దారము కదలదు. అంతట పావడాకు బొందు బిగించినపుడు గుడ్డ కుచ్చులు పడునట్లు ప్రేగంతయు కుచ్చులుపడి, బిగిసిన దారము దాని గోడను కోయును. మనము లాగినచో ఆ కోత మఱింత లోతగును. వెనుకవైపున దారము వ్రేలాడుచున్నను లాగరాదు. చిట్టికి శస్త్రచికిత్స చేసి మూరెడు దారము తీసిరి.

పిల్లి నాలుక గఱుకని మనమెఱుగుదుము. ఆ గఱుకు మొనలన్నియు గొంతువైపునకు వంగియుండును. అందుచే నోటబడిన పోగును ఉమియుట దానికి కష్టము. నాకినకొలది లోనికే పోవును. సూదికి గ్రుచ్చిన దారమైనచో చెప్పనేల?

తినరానిది తినుటను వైద్యులు 'పైకా' యందురు. గర్భిణులు మట్టియు బలపమును తినుటకును ఇదే పేరు. రక్తహీనతచే మనుష్యులకు ఈ కోరిక పుట్టునట్లే పిల్లులకును పుట్టవచ్చును. గోడలును మట్టియు నాకుచున్న పిల్లికి రక్తపరీక్ష చేయింపవలయును. సయాము, బర్మా జాతుల పిల్లులకు ఉన్ని నమలు అలవాటు ఎక్కువ. తల్లిని త్వరగా ఎడబాసిన కూనలకును ఇట్టి అలవాటు పడునని కొందఱందురు. కూనను తెచ్చుకొనువారు ఎనిమిది వారములైనను తల్లియొద్ద ఉండనిచ్చుట మేలు. ఇంటిలో పగలంతయు తోచక తిరుగు పిల్లియు కనబడినదెల్ల నమలును. కొట్టిన మానదు, మన కన్నుగప్పి నమలుట నేర్చుకొనును.

మా తప్పొకటి చెప్పవలసియున్నది. మాంసము వండని యిల్లగుటచే దానికి పాలన్నము, పెరుగన్నమే పెట్టుచుంటిమి. పిల్లి జన్మచేతనే మాంసాహారి. మాంసమునందును చేపలయందును ఉండు టారిన్ అను పదార్థమును అది తన శరీరములో చాలినంత కల్పించుకొనలేదు. అది కొఱవడిన కన్నులు చెడును. గుండెయు చెడునని 1987లో కాలిఫోర్నియా పరిశోధకులు కనుగొనిరి. డాక్టరుగారు పిల్లులకై చేసిన ఆహారమునే పెట్టుమనిరి. ఇందులకు మా అత్తగారిని ఒప్పించుటకు పట్టిన కాలము చిట్టి కుట్లు మానుటకును పట్టలేదు. తుదకు పెరటిలో పెట్టుట కంగీకరించిరి.

ఉన్నిబట్టలనడుమ కలరా ఉండలు వేసిన పిల్లి రాదని మాతో ఒకరనిరి. ఎవరును చేయరాదు, అవి పిల్లికి విషము. బట్టలను పెట్టెలో పెట్టి తాళము వేయుటే చాలును. నములు కోరిక తీఱుటకు మట్టిమూకుడులో గోధుమలు మొలిపించి ఆ పచ్చికను చిట్టికి విడిచితిమి. ఉదయము, సాయంకాలము కొంతసేపు గుడ్డబంతితో ఆడింతుము. త్రాటితో ఆడించినచో ఆట ముగియగానే దానిని దాచివేయుదుము.

దండ తీసిన వెంటనే దారము వేఱుచేసి మూతగల డబ్బాలో వేయుచున్నాము. మొన్న శుక్రవారము మేము మఱచిపోగా, "డబ్బా ఎక్కడనే?" యని మా అత్తగారే కేకవేసిరి. చిట్టి అప్పటికే గట్టుమీద కూర్చుండియున్నది.