కొండలకు దారి హక్కు

కొండలకు దారి హక్కు అనగా ప్రైవేటు భూముల మీదుగా కొండపైకి గాని, శిఖరానికి గాని నడిచి వెళ్ళుటకు చట్టరీత్యా గల అవకాశము. కడప జిల్లాలోని కొండాపురం, జమ్మలమడుగు ప్రాంతాలలో ఎర్రమల కొండలు విస్తరించి ఉన్నాయి. ఇటువంటి చోట్ల కొండ ఎవరిది, కొండకు పోయే దారి ఎవరిది అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. సాధారణంగా కొండ ప్రభుత్వానిది, దాని దిగువనున్న చేలు పట్టాదారులవి. అందువలన వివాదము శిఖరము వద్ద కాక, కొండ మొదట్లోనే వస్తుంది.

కొండల యాజమాన్యం

1800లో నిజాము ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. 1800 నుండి 1807 వరకు దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఇక్కడ రైత్వారీ పద్ధతికి పునాది వేశాడు. ఈ పద్ధతిలో సాగుభూమికి రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు చెల్లించేవాడు. సాగుకు రాని గుట్టలు, బంజర్లు ప్రభుత్వం కింద ఉండిపోయాయి. నేడు ఇవి రెవెన్యూ రికార్డులలో పోరంబోకుగానో, రిజర్వు అడవిగానో కనిపిస్తాయి. జమీందారీ ప్రాంతాలలో కొండలు, అడవులు జమీందారుల ఆధీనంలో ఉండేవి. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వలన అవి ప్రభుత్వపరమయ్యాయి.

కొండ ప్రభుత్వానిదైనంత మాత్రాన ఎవరైనా ఎక్కవచ్చునని అర్థం కాదు. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా ప్రవేశించడాన్ని 1967 నాటి ఆంధ్ర ప్రదేశ్ అటవీ చట్టం నిషేధిస్తుంది. దేశమంతటా సంచరించుటకు రాజ్యాంగం 19వ అధికరణంలో ఇచ్చిన స్వేచ్ఛ కూడా ఇతరుల పట్టాభూమిలో నడిచే హక్కును ఇవ్వదు.

హక్కు ఏర్పడే విధానాలు

దారి హక్కులకు ముఖ్యాధారం 1882 నాటి భారత ఈజ్‌మెంట్ల చట్టం. తన భూమిని అనుభవించుటకు పొరుగువాని భూమిని పరిమితంగా వాడుకొనే హక్కునే ఈజ్‌మెంటు అంటారు. కొండదారి విషయంలో ముగ్గురు వ్యక్తుల స్థితి మూడు విధాలుగా ఉంటుంది.

* కొండ పక్కన చేను గల రైతు: పొరుగు పట్టా మీదుగా శాంతియుతంగా, బహిరంగంగా, హక్కుగా, అంతరాయం లేకుండా 20 ఏళ్ళు నడిస్తే 15వ సెక్షను ప్రకారం హక్కు పొందవచ్చును. దాటవలసిన భూమి ప్రభుత్వానిదైతే 30 ఏళ్ళు కావలెను.
* ఊరివారు: కొండమీది గుడికి, తిరునాళ్ళకు, పశువుల మేతకు తరతరాలుగా వెళ్ళే గ్రామస్థుల హక్కు ఒకరి పొలంతో ముడిపడినది కాదు. ఇట్టి ఆచారపు హక్కులకు ఈ చట్టం భంగం కలిగించదని 2వ సెక్షను చెబుతుంది. అయితే ఆచారము పురాతనమైనదని, నిశ్చితమైనదని, సమంజసమైనదని కోర్టులో రుజువు చేయవలెను.
* దూరప్రాంతపు యాత్రికుడు, పర్వతారోహకుడు: ఇతనికి పక్కన భూమి లేదు, ఊరి ఆచారం లేదు. ప్రజలందరికీ చెందిన బాట లేనిచోట భూయజమాని అనుమతి ఒక్కటే శరణ్యం.

అనుమతికి, హక్కుకు గల తేడా

ఒకనాడు దారి ఇస్తే శాశ్వతంగా పొలం పోతుందనే భయంతో రైతులు కంచె వేయడం జరుగుతుంటుంది. అయితే చట్టం దీనికి తగిన రక్షణ కల్పించింది. యజమాని అనుమతితో నడవడం 52వ సెక్షను ప్రకారం లైసెన్సు మాత్రమే. ఒప్పందం మేరకు సాగిన వాడకం ఎన్నేళ్ళైనా 15వ సెక్షను కింద హక్కుగా మారదు. సాధారణంగా లైసెన్సును యజమాని ఎప్పుడైనా రద్దు చేసుకొనవచ్చును. కావున ఏ గట్టు వెంట, ఏ రోజులలో, ఎంతమంది వెళ్ళవచ్చునో తెలిపే చిన్న కాగితం ఇరుపక్షాలకూ మేలు చేస్తుంది. మౌనంగా ఊరుకొనుటకన్నా వ్రాతపూర్వకంగా అనుమతించుటే యజమానికి క్షేమకరం.

దారి మూసివేసినప్పుడు

మొదట గ్రామ పటము, క్షేత్ర కొలతల పుస్తకము (ఎఫ్.ఎం.బి.), రీసెటిల్‌మెంటు రిజిస్టరు పరిశీలించవలెను. వాటిలో రస్తాగానో, డొంకగానో నమోదైన బాట ఆక్రమణకు గురైతే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద తహసీల్దారు చర్య తీసుకొనవచ్చును. ప్రజలు న్యాయబద్ధంగా వాడే దారికి అడ్డంకి ఏర్పడితే, 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షను కింద కార్యనిర్వాహక మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చును. ఇది పూర్వపు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షనుకు బదులుగా వచ్చినది. వ్యక్తిగత హక్కుల వివాదాలను సివిలు కోర్టు తేల్చవలెను. రికార్డుకెక్కని కాలిబాటకు ముసలివారి సాక్ష్యమే ప్రధానాధారమవుతుంది. ఆ తరం గతించిన తరువాత హక్కును నిరూపించడం కష్టం. ఈజ్‌మెంటును వరుసగా 20 ఏళ్ళు వాడకపోతే 47వ సెక్షను ప్రకారం అది నశించిపోతుంది కూడ.

ఇతర దేశాలలో

ఇంగ్లాండులో 1932 ఏప్రిల్ 24న వందలాది పాదచారులు కిండర్ స్కౌట్ అనే ప్రైవేటు పర్వతభూమిపైకి నిషేధాన్ని ధిక్కరించి నడిచారు. వారిలో కొందరికి జైలుశిక్ష పడినది. 2000లో వచ్చిన చట్టం ఇంగ్లాండు, వేల్సులలో గుర్తించిన పర్వత, బీడు భూములలో నడిచే హక్కు కల్పించింది. స్కాట్లాండు 2003లో ఇంకా విస్తృతమైన హక్కునిచ్చింది. అమెరికాలోని కొలరాడోలో కొన్ని ఎత్తైన శిఖరాలు ప్రైవేటు గని భూములలో ఉన్నాయి. ప్రమాదం జరిగితే తాము పరిహారం చెల్లించవలసి వస్తుందని యజమానులు కొన్ని దారులు మూసివేశారు. 2024లో అక్కడి శాసనసభ ఈ బాధ్యతను తగ్గిస్తూ చట్టాన్ని సవరించింది. భారతదేశంలో ఇటువంటి సార్వత్రిక సంచార హక్కు చట్టం లేదు. కాబట్టి ఇక్కడ ప్రతి కొండదారి రికార్డు, ఆచారం, అనుమతి అనే మూడింటిలో ఏదో ఒకదానిపై ఆధారపడి ఉంటుంది.