నంబరు కలవని బోల్టు

పాత త్రీ నాట్ త్రీ రైఫిలు చేతికిస్తే, పని తెలిసిన ఆర్మరర్ గొట్టంలోకి తొంగిచూడడు. ముందు నంబర్లు వెతుకుతాడు. బోల్టు పిడి మీద ఒక నంబరు, గొట్టం బిగించిన రిసీవరు మీద ఒక నంబరు గుద్ది ఉంటాయి. రెండూ ఒకటే అయితే సగం దిగులు తీరినట్టే. మన దేశంలో మిగిలిన రైఫిళ్లలో చాలావాటికి ఆ భాగ్యం లేదు. సైన్యం వాడి పోలీసులకిచ్చింది, పోలీసులు వాడి మూలన పెట్టారు. చేతులు మారిన ప్రతిచోటా నాలుగు రైఫిళ్లు విప్పి మూడు బిగించే పని జరుగుతూనే వచ్చింది.

ఈ తుపాకీ పుట్టుక 1895 నాటిది. బోల్టు, మేగజైను జేమ్స్ పారిస్ లీ ఆలోచన. గొట్టం లోపలి మెలిక గాళ్లు ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీవి. అందుకే లీ ఎన్‌ఫీల్డ్ అయింది. మనవాళ్లు ఎక్కువగా ఎరిగిన మార్క్ 3 రకం 1907లో వచ్చింది. ఇంగ్లండులోనే కాక ఆస్ట్రేలియాలోని లిత్‌గోలోనూ, కలకత్తాకి ఎగువన హుగ్లీ ఒడ్డునున్న ఇషాపూర్‌లోనూ దీన్ని తయారుచేశారు. నమూనా ఒకటే కాబట్టి ఒకచోటి భాగం మరోచోటి తుపాకీకి సరిపోవాలి. మేగజైను, స్ప్రింగు, మరలు చాలామటుకు సరిపోతాయి కూడా. చిక్కంతా బోల్టుతోనే.

త్రీ నాట్ త్రీ తూటాకి అడుగున అంచు ఉంటుంది. ఆ అంచు కూర్చునే సందు 0.064 అంగుళానికి తగ్గకూడదు, 0.074 దాటకూడదు. అంటే ఉన్న వెసులుబాటు మొత్తం పావు మిల్లీమీటరు. సందు మరీ ఎక్కువైతే ఇత్తడి తొడుగు వెనకభాగంలో చిట్లి, వేడి వాయువు కాల్చేవాడి మొహం మీదికి తన్నుకొస్తుంది. ఆ సందుని సర్దడానికే బోల్టు కొసన మరతో బిగించే విడి తల పెట్టారు. తర్వాత వచ్చిన నంబర్ 4 రైఫిలుకి ఈ తలలు 0 నుంచి 3 దాకా సైజు నంబర్లతో దొరికేవి. మార్క్ 3 తలల మీద సైజు అంకె ఉండదు. డబ్బాలోంచి ఒక్కొక్కటే తీసి బిగించడం, గేజి పెట్టి చూడడం, కుదరకపోతే మళ్లీ విప్పడం. అంతే. పైగా బోల్టుకున్న రెండు లాకింగ్ లగ్గులూ రిసీవరు మీద సమానంగా ఆనేలా ఫ్యాక్టరీలో చేత్తో సరిచూసేవారు. వేరే రైఫిలు బోల్టు దీంట్లోకి నున్నగా జారిపోతుంది. మోసమంతా ఆ నునుపులోనే ఉంది.

ఈ గేజి భాష బెంగాల్‌లోని రైల్వే ఊరు ఖరగ్‌పూర్‌లో ఎవరికీ కొత్త కాదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు పెట్టాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు ఆ ఊరినే సొంతూరు చేసుకున్నాయి. గో, నో గో (పట్టాలి, పట్టకూడదు) గేజిల మధ్యే బతుకు వెళ్లదీసిన ఫిట్టర్లు, టర్నర్లు వాళ్లలో ఎందరో. ఆ రైల్వేకి సొంత సైనిక దళం కూడా ఉండేది, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే బెటాలియన్. 1920 చట్టం కింద ఏర్పడ్డ ఆక్సిలరీ ఫోర్స్‌లో భాగం. అందులో చేరే అర్హత యూరోపియన్లకీ ఆంగ్లో ఇండియన్లకీ మాత్రమే. ఇనుములో వెంట్రుకవాసి తేడాని వేలికొసతో పట్టేవాడికి మాత్రం రైఫిలు పట్టే అర్హత లేకపోయింది!

చెక్కపని ఇంకో తలనొప్పి. మడమ చెక్కని బిగించే పొడవాటి బోల్టు కొస చతురస్రంగా ఉండి, ముందు చెక్కలోని రేకులో దూరుతుంది. ముందు చెక్క ఊడదీయకుండా ఆ బోల్టుని తిప్పారో, నూరేళ్ల చెక్క పెటిల్లున చీలిపోతుంది. ఇషాపూర్ వాళ్లు ముందు చెక్క చీలకుండా మేగజైను ముందర అడ్డంగా ఓ మర దిగ్గొట్టేవారు. విదేశీ సేకర్తలు కొందరికి అది వికారంగా కనిపించి, ఆ చెక్క తీసేసి ఇంగ్లీషు చెక్క తొడుగుతారు. నా లెక్కలో అది బాగుచేయడం కాదు, ఆ తుపాకీ ఇండియాలో గడిపిన కాలాన్ని చెరిపేయడం.

సరైన భాగమంటే సరిపోయే భాగమే కాదు, ఆ ఏటికి చెందిన భాగం కూడా. దూరపు గురికోసం పక్కన బిగించే వాలీ సైటుని 1916లో వచ్చిన మార్పుల్లో తీసేశారు. ఆ తర్వాతి రైఫిలుకి దాన్ని తగిలిస్తే అది అలంకారమే. ముద్రల విషయమూ అంతే. ఖరగ్‌పూర్ పక్కనే హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న పోలీసుల కాల్పులకి అక్కడ నిర్బంధంలో ఉన్న సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా బలయ్యారు. ఆ భవనంలోనే 1951లో ఐఐటీ మొదలైంది, ఇప్పుడక్కడ నెహ్రూ సైన్స్ మ్యూజియం ఉంది. అలాంటి చోట ఆ కాలపు రైఫిలంటూ ఒకటి పెట్టదలిస్తే, దాని భాగాల మీద కిరీటం ముద్ర ఉండాలి. స్వాతంత్ర్యం తర్వాతి ఆర్.ఎఫ్.ఐ. (రైఫిల్ ఫ్యాక్టరీ, ఇషాపూర్) అక్షరాలో, అశోక సింహాలో కనిపిస్తే ఇరవయ్యేళ్లు తేడా కొట్టినట్టే.

ఇక భాగాల కోసం, ఎన్.సి.సి. కవాతుకి పక్కనపెట్టిన డి.పి. (డ్రిల్ పర్పస్) రైఫిళ్ల జోలికి అసలు పోకూడదు. కాల్చడానికి పనికిరానివిగా తేల్చి ముద్ర వేసినవి అవి. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 రిపబ్లిక్ దినోత్సవాన త్రీ నాట్ త్రీకి వీడ్కోలు పలికారు. మన చట్టంలో ఇది నిషిద్ధ బోరు, మామూలు లైసెన్సుకి దొరకదు. కాబట్టి ఈ భాగాల వెతుకులాట మ్యూజియాలదీ, రెజిమెంట్లదీ. వాళ్లు నంబరు కలవని బోల్టు మీది పాత అంకెని ఆకురాయితో రాసి కొత్తది గుద్దకుండా, ఉన్నదున్నట్టు రిజిస్టరులో రాసుకోవడం మేలు. ఏ స్టోరులోనో దాని అసలు జోడీ ఇంకా ఉండొచ్చు.