ఆంగ్ల పద విభజన

పొడవైన ఆంగ్ల పదాన్ని ఉచ్చారణ ప్రకారం అక్షరాలుగాను, అర్థం ప్రకారం పదాంశాలుగాను విడదీయడాన్ని ఆంగ్ల పద విభజన అంటారు. ఇక్కడ అక్షరం అనగా సిలబుల్. లిపిలోని వర్ణం కాదు. ఒక్కొక్క అక్షరానికి ఒక అచ్చుధ్వని కేంద్రంగా ఉంటుంది.

రెండు రకాల విభజన

ఇంటర్నేషనలైజేషన్ అనే పదంలో 20 వర్ణాలు ఉన్నాయి. అర్థాన్ని బట్టి దీనిలో ఇంటర్, నేషన్, అల్, ఐజ్, ఏషన్ అనే 5 పదాంశాలు కలవు. విడివిడిగా పలికినపుడు ఇన్-టర్-న్యా-ష-న-లై-జే-షన్ అని 8 అక్షరాలు వినబడతాయి. "లై" అనే అక్షరంలో లకారం ఒక పదాంశానిది, తరువాతి అచ్చు మరొక పదాంశానిది. కనుక ఈ రెండు విభజనలు ఎల్లప్పుడూ ఏకీభవించవు. మొదటి, చివరి వర్ణాల నడుమ 18 వర్ణాలు ఉన్నందున కంప్యూటరు రంగంలో ఈ పదాన్ని ఐ18ఎన్ అని కుదించి వ్రాస్తారు.

ఊనిక

ఆంగ్ల పదంలో ఒక అక్షరాన్ని మిగిలినవాటికంటే బలంగా పలుకుతారు. దీనిని ఊనిక అంటారు. పై పదంలో ప్రధానమైన ఊనిక "జే" మీద ఉంటుంది. షన్, ఇక్, ఇటీ అనే ప్రత్యయాలు చేరినపుడు సాధారణంగా వాటికి ముందున్న అక్షరం మీద ఊనిక పడుతుంది. ఫొటోగ్రాఫ్‌లో మొదటి అక్షరం మీద, ఫొటోగ్రాఫర్‌లో రెండవదాని మీద, ఫొటోగ్రాఫిక్‌లో మూడవదాని మీద ఊనిక ఉంటుంది. రికార్డ్ అనే పదం నామవాచకమైతే మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండవ అక్షరం మీద ఊనిక ఉంటుంది.

తెలుగుతో పోలిక

తెలుగు ఛందస్సులో గణవిభజన గురులఘువులపై, అనగా అక్షరం పలకడానికి పట్టే కాలంపై ఆధారపడుతుంది. రేపల్లె, బాపట్ల అనే పేర్లు రెండూ గురువు, గురువు, లఘువులతో త-గణాలు, తెనాలి జ-గణం. ఆంగ్లంలోని ఊనిక బలానికి సంబంధించినది. ఊనిక లేని అచ్చులు ఆంగ్లంలో తరచుగా బలహీనపడతాయి. తెలుగులో ప్రతి అక్షరమూ ఇంచుమించు స్పష్టంగా వినబడుతుంది. తెలుగువారు ఆంగ్ల పదాలకు చివర ఉకారం చేర్చడం వలన అక్షరాల సంఖ్య కూడా మారుతుంది. ఆంగ్లంలో స్కూల్, బస్ ఏకాక్షర పదాలు కాగా తెలుగులో స్కూలు, బస్సు రెండేసి అక్షరాల పదాలు.

ప్రయోజనం

తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థులు పొడవైన పదాల వర్ణక్రమాన్ని కంఠస్థం చేయడం పరిపాటి. పదాంశాలు తెలిస్తే వర్ణక్రమమూ, అర్థమూ సులభంగా గుర్తుంటాయి. అయితే ఊనిక స్థానం తప్పితే, వర్ణక్రమం సరిగా తెలిసినప్పటికీ పలికిన పదం ఎదుటివారికి అర్థం కాకపోవచ్చు. అందువలన నిఘంటువులో కొత్త పదాన్ని చూచునపుడు అర్థంతో పాటు ఊనిక గుర్తును కూడా గమనించాలి. చాలా నిఘంటువులలో ఊనిక గల అక్షరానికి ముందు పైభాగాన చిన్న నిలువుగీత ఉంటుంది.